వినికిడి లేని పిల్లలు, చక్రాల కుర్చీ పిల్లలు కలిసి కోలాటం ఆడాలంటే

ఎనిమిది మందితో మొదలుపెట్టండి. జతలు కుదరాలి కాబట్టి సరిసంఖ్య తప్పదు. చక్రాల కుర్చీ పిల్లలను లోపలి వలయంలో, ముఖం బయటికి ఉండేలా, బ్రేకు వేసి కూర్చోబెట్టండి. నలుగురు లేకపోతే మిగతా చోట్ల స్టూళ్లు వేయండి. నిలబడినవాళ్లే చుట్టూ జరుగుతూ జత మారతారు. అందరినీ తిప్పబోతే చక్రాలు ఒకదానికొకటి ఇరుక్కుంటాయి.

వినపడని పిల్లలకు తాళం కంటితో అందాలి. సిమెంటు నేల మీద డప్పు అదురు పాదాలకు పెద్దగా తెలియదు, చెక్క వేదికైతే నయం. లోపలివాళ్లు బయటికి చూస్తుంటారు కనుక ఒక్క గురువు చాలరు. ఎదురెదురుగా ఇద్దరు నిలబడి, ఎర్రగుడ్డ ఊపుతూ దెబ్బ చూపాలి.

పట్టు తక్కువైన చేతికి, అడుగు పొడవు కోలకు సైకిల్ హ్యాండిల్ గ్రిప్పు తొడగండి. మణికట్టుకు బిగించి కట్టొద్దు, అదురంతా ఎముకకే తగులుతుంది. వదులుగా వెల్క్రో పట్టీ చాలు. నాలుగు దెబ్బల వరస కుదిరాకే పాట పెట్టండి. వేగం పెంచాలన్న తొందర ఎప్పుడూ పెద్దలదే.