పొలం దారి హక్కులు – 4వ పాఠం: దారి లేదన్నంత మాత్రాన సరిపోదు

పోయిన పాఠం చదివి చాలామంది ఒకటే అడిగారు: "మా పొలానికి దారి లేదు సార్, పక్కోళ్లు ఇవ్వాల్సిందే కదా?" కాదు. ఈ వారం పక్కోళ్ల భూమిలో దారిని 20 ఏళ్లు వాడితే వచ్చే హక్కు గురించి చెప్పాలనుకున్నా. ముందు ఈ చిక్కు విడిపోవాలి.

1882 నాటి ఈజ్‌మెంట్ల (పక్కోళ్ల భూమిని దారి లాంటి వాటికి వాడుకునే హక్కుల) చట్టం 13వ సెక్షన్ కింద అవసరపు దారి, అంటే వేరే దారే లేనప్పుడు దొరికే దారి, అడగాలంటే మీ పొలమూ, దారి అడిగే పొలమూ ఒకప్పుడు ఒకరి చేతిలోనే ఉండాలి. అమ్మకంతోనో భాగాలతోనో విడిపోయినప్పుడే ఒకదానికి దారి లేకుండా పోయి ఉండాలి.

పులివెందుల పక్క పదెకరాల చీనీతోట అనుకోండి. అన్నదమ్ములు చెరి ఐదెకరాలు పంచుకున్నారు. రోడ్డువైపు భాగం అన్నకు, వెనకది తమ్ముడికి వచ్చాయి. కాయల లోడు అన్న భాగంలోంచే బయటికి పోవాలి. భాగపరిష్కారంలో దారి మాట రాయకపోయినా తమ్ముడికి హక్కుంది. అది ఎటు పోవాలో చూపించేది అన్నే, కానీ తమ్ముడికి తగినంత అనుకూలంగా ఉండాలి. రేపు అన్న అమ్ముకున్నా, కొన్నవాళ్లు దారి మూయకూడదు.

తమ్ముడికి ఉత్తరాన వేరే కుటుంబం పొలం ఉంది, అటునుంచి రోడ్డు ఇంకా దగ్గర. అయినా వాళ్లను ఈ సెక్షన్ కింద అడగలేడు, ఆ పొలం ఎప్పుడూ వీళ్లది కాదు. తమ్ముడికి సొంతంగా, హక్కుతో పోగలిగే చుట్టుదారి వాగు వెంబడి ఉందా? అప్పుడు అన్న మీదా వాదన నిలవదు. దూరం, డీజిల్ ఖర్చు అవసరం కిందికి రావు. కొత్త రోడ్డు పడి తమ్ముడి గట్టును తాకినా అవసరం తీరినట్టే, 41వ సెక్షన్ ప్రకారం హక్కు ముగుస్తుంది.

ఇక 20 ఏళ్ల సంగతి క్లుప్తంగా. గొడవ లేకుండా, అందరికీ తెలిసేలా, హక్కుగా, ఆగకుండా నడిచుండాలి. ప్రభుత్వ భూమి అయితే 30 ఏళ్లు. "మామా, మీ గట్టు మీద పోతాం" అని అడిగి నడిస్తే అది అనుమతే, ఎన్నేళ్లు గడిచినా హక్కు కాదు. మిగతాది వచ్చే పాఠంలో.

అభ్యాసం: మీ పొలం ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం), గ్రామ నక్షా, లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) తెచ్చుకోండి. పాసుపుస్తకంలో దారి వెతకొద్దు. నేనైతే ముందు దస్తావేజులో చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దుల వివరం) చదువుతా, "రస్తా" అన్న మాట అక్కడే దొరుకుతుంది. రెండు పొలాలూ ఒకే పేరు మీదున్న దస్తావేజు దొరికేదాకా వెనక్కి పోయి, అవి విడిపోయిన సంవత్సరం, ఆనాడు దారి ఎటు ఉండేదీ ఒక కాగితం మీద గీయండి.