ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కి టికెట్లు బుక్ చేసే ముందు ఇవి చూస్కోండి

నేపాల్‌కి మనకి వీసా అక్కర్లేదు కానీ ఫ్లైట్‌లో వెళ్తే ఆధార్ చూపిస్తే కుదరదు, పాస్‌పోర్టో ఓటర్ కార్డో ఉండాల్సిందే.

అసలు భయపడాల్సింది ఎత్తుకి. దారిలో వచ్చే ఊరు నామ్చే బజార్ 3,440 మీటర్లు, బేస్ క్యాంప్ 5,364, అందుకే 3,000 దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెంచొద్దు, నామ్చేలో, ఇంకా పైన వచ్చే దింగ్‌బోచే ఊళ్లో ఒక్కో రోజు ఎక్స్‌ట్రా ఆగండి, జిమ్ బాడీ ఉంది కదా నాకేం కాదులే అనుకోవద్దు ఎందుకంటే ఎత్తు వల్ల వచ్చే జబ్బు ఫిట్‌నెస్ చూసి రాదు. తలనొప్పి, వాంతులు మొదలైతే ఇంకా పైకి ఎక్కొద్దు, తగ్గకపోతే దిగిపోవడమే, నడక తూలినా మాట తడబడినా అర్ధరాత్రైనా సరే వెంటనే కిందకి. ఎత్తు జబ్బు రాకుండా వేస్కునే డయామాక్స్ మాత్ర డాక్టర్‌ని అడిగాకే, సల్ఫా ఎలర్జీ ఉంటే ముందే చెప్పండి.

ఇన్సూరెన్స్‌లో 6,000 మీటర్ల దాకా హెలికాప్టర్ రెస్క్యూ ఉందో లేదో చదవండి, ఊరికే ట్రావెల్ పాలసీ అంటే చాలదు.

ట్రెక్ మొదలయ్యే లుక్లాకి వెళ్లే ఫ్లైట్లు మబ్బు పడితే క్యాన్సిలే, తిరుగు టికెట్‌కి రెండు మూడు రోజులు గ్యాప్ పెట్టండి.

షూస్ కొత్తవి వేస్కుని వెళ్లొద్దు, నెల ముందు నుంచే తొడుక్కుని తిరగండి. పచ్చడి డబ్బా మీ ఇష్టం, నేనైతే మోస్తా.