మారుతి 800కు పాత ఇంజన్ వేయించేటప్పుడు

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. ముందే వేడి చేసి ఉంచారంటే అనుమానించాల్సిందే. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోందని అర్థం.

కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి) తప్పకుండా చూడాలి. మూడు ప్లగ్గులూ తీసి, ఒక్కో ప్లగ్గు రంధ్రంలో కంప్రెషన్ గేజ్ పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టండి. ఏదైనా సిలిండర్‌లో తక్కువుంటే చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ కొలవండి. రీడింగ్ పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులు గానీ, హెడ్ గాస్కెట్ (సిలిండర్ హెడ్ కింద ఉండే సీలు) గానీ పోయినట్టు. హెడ్ గాస్కెట్ పోయిన ఇంజన్‌లో హెడ్ వంగి ఉండొచ్చు, వదిలేయడమే మేలు.

కార్బురేటర్ బండికి కార్బురేటర్ ఇంజనే తీసుకోండి. దానికి ఎంపీఎఫ్ఐ (పెట్రోల్‌ను ఇంజెక్టర్లతో చిమ్మే) ఇంజన్ వేస్తే వైరింగ్, ఈసీఎం (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), ఫ్యూయల్ పంపు అన్నీ మార్చాలి.

ఇంజన్ కిందికి దించినప్పుడే టైమింగ్ బెల్ట్, దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంపు, క్రాంక్ వెనక ఆయిల్ సీల్ కొత్తవి వేయించండి. ఆ సీల్ కారితే క్లచ్ ప్లేటు తడిసి జారుతుంది, మళ్లీ గేర్‌బాక్స్ దించాలి.

బిల్లుపై ఇంజన్ నంబరు రాయించుకుని, ఆర్టీఓలో ఆర్సీ మార్పించండి.