అక్వేరియం మొక్కలకు నిండైన ఎరుపు రప్పించడం ఎలా?

వసంతంలో మామిడి కొమ్మ చివర లేత చిగురును గమనించినవారికి ఆకులో ఎరుపు ఎందుకు వస్తుందో సగం తెలిసినట్టే. ఎండను పూర్తిగా వాడుకునే శక్తి ఇంకా రాని ఆ లేత ఆకులో యాంథోసయనిన్ అనే వర్ణకం చేరి, అవసరానికి మించిన వెలుతురులో కొంత భాగాన్ని తాను పీల్చుకుని ఆకును కాపాడుతుంది. ఆకు ముదిరి పత్రహరితం నిండిన తరువాత ఆ ఎరుపు తగ్గిపోతుంది. అక్వేరియంలో పెరిగే రొటాలా, లుడ్విజియా వంటి మొక్కలు ఎర్రబడడానికి కూడా ప్రధాన కారణం ఇదే. అందువల్ల ఎరుపు కోసం ఏ ఎరువు సీసా కొనాలా అని వెతికే ముందు, మొక్క ఆరోగ్యంగా పెరుగుతోందా, దానికి చాలినంత వెలుతురు అందుతోందా అన్న రెండు ప్రశ్నలకు జవాబు చూసుకోవాలి. కింది అడుగులన్నీ ఆ క్రమంలోనే ఉన్నాయి. వాటిని వరుస తప్పించి చేస్తే ఎరుపుకు బదులు నాచు వస్తుంది.

మొదటి అడుగు: మీ మొక్క ఏ జాతిదో తెలుసుకోండి

ఎర్రబడే గుణం జాతిలోనే ఉండాలి. అనుబియాస్‌కు ఎంత వెలుతురు ఇచ్చినా అది పచ్చగానే ఉంటుంది. ఎర్రబడే మొక్కల్లోనూ రెండు వర్గాలు ఉన్నాయని తెలుసుకుంటే సగం పొరపాట్లు తప్పుతాయి.

రొటాలా, లుడ్విజియా జాతులు మొదటి వర్గానికి చెందుతాయి. వీటి ఎరుపు యాంథోసయనిన్ వల్ల వచ్చేది కాబట్టి వెలుతురును, పోషకాలను బట్టి బాగా మారుతుంది. ఒకే రొటాలా రొటుండిఫోలియా ఒక ట్యాంకులో లేత ఆకుపచ్చగా, మరొక ట్యాంకులో నారింజ ఎరుపులో కనిపించడం అందువల్లనే. దక్షిణ భారతానికే చెందిన రొటాలా మాక్రాండ్రా ఈ వర్గంలో అన్నిటికంటే అందమైనది, అన్నిటికంటే సుకుమారమైనది. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను లుడ్విజియా సూపర్ రెడ్‌నే సూచిస్తాను. అది లవణాలు ఎక్కువున్న గట్టి నీటిని కూడా తట్టుకుంటుంది, కొంచెం లోపం జరిగినా రంగు పూర్తిగా కోల్పోదు.

రెండవ వర్గంలో ముఖ్యమైనది ఆల్టర్నాంథెరా రైనెకీ. దీని స్వస్థలం దక్షిణ అమెరికా అయినా, ఇది మన పొన్నగంటి కూరకు దగ్గరి చుట్టమే. రెండూ ఆల్టర్నాంథెరా ప్రజాతికి, తోటకూర కుటుంబానికి చెందినవి. ఎర్ర తోటకూర ఉడికించిన నీరు ఏ రంగులో ఉంటుందో వంటింట్లో చూసే ఉంటారు. ఆ రంగునిచ్చే బీటాలెయిన్లే ఈ మొక్కలోనూ ఉంటాయి, బీట్‌రూట్‌లోనూ ఉంటాయి. బీటాలెయిన్లు ఉన్న మొక్కలో యాంథోసయనిన్లు ఉండవు. పోషకాలు తగ్గించి దీన్ని ఎర్రబరచాలని చూస్తే ఆకులు ముడుచుకుపోయి మొక్క నీరసించడమే తప్ప ఫలితం ఉండదు. దీనికి కడుపునిండా తిండి, మంచి వెలుతురు కావాలి.

ఇక కొన్న మొక్క గురించి ఒక మాట. నర్సరీలు చాలా మొక్కలను నీటి బయట, తేమ గాలిలో పెంచి అమ్ముతాయి. అలా పెరిగిన రొటాలా ఆకులు గుండ్రంగా, పచ్చగా ఉంటాయి. నీటిలో నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో పాత ఆకులు రాలి, సన్నని కొత్త ఆకులు వస్తాయి. రంగును ఆ కొత్త ఆకుల్లోనే చూడాలి.

రెండవ అడుగు: ఉన్న ఎరుపు కనిపిస్తోందా అని పరీక్షించండి

ఇది చాలామంది దాటవేసే అడుగు. ఆకు ఎర్రగా కనిపించాలంటే దానిమీద పడే కాంతిలో ఎరుపు భాగం ఉండాలి. అది లేకపోతే ఎర్రని ఆకు కూడా మట్టిరంగులో కనిపిస్తుంది. మా ఇంట్లోని 60 సెంటీమీటర్ల ట్యాంకులో ఆల్టర్నాంథెరా నెలల తరబడి గోధుమ రంగులోనే ఉందని నేను దిగులుపడ్డాను. ఒక రోజు కత్తిరింపులో తెగిన కొమ్మను చేతిలో పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళినప్పుడు, ఉదయపు ఎండలో ఆ ఆకు అడుగుభాగం పండిన దానిమ్మ గింజలా మెరిసింది. మొక్కలో లోపమేమీ లేదు. నేను వాడుతున్న చవక ఎల్ఈడీ పట్టీ నీలిఛాయ ఎక్కువగా ఉన్న తెల్లని కాంతిని ఇస్తోంది, అంతే.

కనుక ముందుగా ఒక ఆకును తెంపి పగటి వెలుతురులో చూడండి. అక్కడ ఎర్రగా ఉండి ట్యాంకులో మట్టిరంగులో ఉంటే మార్చవలసింది లైటునే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం డయోడ్లు కలిసి ఉన్న ఆర్‌జీబీ లైటు గానీ, తెల్ల డయోడ్లతో పాటు విడిగా ఎరుపు డయోడ్లు ఉన్న లైటు గానీ తీసుకోవాలి. 6500 కెల్విన్ అని పెట్టె మీద రాసి ఉన్నంత మాత్రాన అందులో ఎరుపు చాలినంత ఉందని అనుకోకూడదు. ఆ అంకె కాంతి మొత్తం ఛాయను చెబుతుందే తప్ప అందులోని ఒక్కొక్క రంగు పాలును చెప్పదు.

మూడవ అడుగు: కార్బన్ డయాక్సైడ్‌ను స్థిరపరచండి

ఎక్కువ వెలుతురు ఇవ్వడానికి ముందే కార్బన్ డయాక్సైడ్ సిద్ధంగా ఉండాలి. వెలుతురు మొక్కను వేగంగా పనిచేయమంటుంది. ఆ పనికి ముడిసరుకు కార్బన్. సరుకు లేకుండా పని పెంచితే మొక్క నిలిచిపోతుంది, ఆ ఖాళీలో నాచు పెరుగుతుంది.

సిలిండరు, రెగ్యులేటరు ఉన్న ఏర్పాటు అన్నిటికంటే నమ్మకమైనది. ఖర్చు ఎక్కువనిపిస్తే బేకింగ్ సోడా, నిమ్మ ఉప్పు రెండు సీసాల్లో పోసి తయారుచేసే పద్ధతి కూడా చిన్న ట్యాంకులకు పనిచేస్తుంది. అయితే ఒత్తిడిని తట్టుకునే సీసాలు, మంచి వాల్వు వాడాలి. నీటిలో గాఢత సుమారు 20 నుంచి 30 పీపీఎం (లీటరు నీటికి మిల్లీగ్రాములు) ఉండేలా చూడండి. దీన్ని కనిపెట్టడానికి డ్రాప్ చెకర్ అనే చిన్న గాజు బుడ్డి ఉంటుంది. అందులో 4 డిగ్రీల కార్బనేట్ గట్టితనం (నీటిలోని కార్బనేట్ లవణాల కొలత) గల ద్రావణం, రంగు మారే సూచిక పోసి ట్యాంకులో తగిలిస్తే, గాఢత తక్కువైనప్పుడు నీలంగా, సుమారు 30 పీపీఎం దగ్గర ఆకుపచ్చగా, మితిమీరినప్పుడు పసుపుగా మారుతుంది. అది గంట, రెండు గంటలు ఆలస్యంగా మారుతుందని మరచిపోకూడదు. దానికంటే ముందు చేపలను చూడండి. అవి పైకి వచ్చి నోరు తెరిచి గాలి కోసం పెనుగులాడుతుంటే వెంటనే వాయువు ఆపి, నీటి ఉపరితలాన్ని బాగా కదిలించాలి. ఎరుపు రంగు చేపల ప్రాణం కంటే ముఖ్యం కాదు.

లైటు వెలగడానికి గంట, రెండు గంటల ముందే వాయువు మొదలై, లైటు ఆరడానికి గంట ముందు ఆగేలా టైమరు పెట్టండి. రాత్రి దానితో పనిలేదు.

కార్బన్ డయాక్సైడ్ ఏర్పాటు వద్దనుకునేవారు లోతు తక్కువైన ట్యాంకులో ఎర్ర టైగర్ లోటస్, లుడ్విజియా రెపెన్స్, శ్రీలంక మొక్క అయిన క్రిప్టోకొరైన్ వెండ్టై గోధుమ రకాలతో తృప్తిపడవచ్చు. రొటాలా మాక్రాండ్రా మాత్రం ఆ పరిస్థితిలో పెట్టకండి.

నాలుగవ అడుగు: ఎరువు పూర్తిగా ఇవ్వండి

ఇనుము వేస్తే మొక్క ఎర్రబడుతుందన్న మాట అక్వేరియం పెంచేవారిలో బాగా పాతుకుపోయింది. ఇనుము పత్రహరితం తయారీకి అవసరం. లోపిస్తే కొత్త ఆకులు పాలిపోతాయి, లోపం తీర్చితే కోలుకుంటాయి. సరిపడా ఉన్నచోట ఇంకా పోస్తే ఎరుపు అదనంగా రాదు. 0.1 నుంచి 0.5 పీపీఎం వరకు చాలు. నీటి పీహెచ్ 7 దాటి ఉంటే ఈడీటీఏ (ఇనుమును నీటిలో కరిగి ఉండేలా పట్టి ఉంచే రసాయనం) రూపంలోని ఇనుము త్వరగా విడిపోయి మొక్కకు అందకుండా పోతుంది కనుక అలాంటిదే అయిన డీటీపీఏ రూపంలోనిది వాడాలి.

ఇనుము కంటే ముందు చూసుకోవలసినవి నైట్రేట్, ఫాస్ఫేట్, పొటాషియం. నైట్రేట్ 10 నుంచి 20, ఫాస్ఫేట్ 1 నుంచి 2, పొటాషియం 10 నుంచి 20 పీపీఎం మధ్య ఉంటే చాలా మొక్కలకు సరిపోతుంది. వీటికోసం ఖరీదైన సీసాలే కొనవలసిన పనిలేదు. డ్రిప్పు సాగు రైతులు వాడే 13-0-45 అంటే పొటాషియం నైట్రేట్. 60 లీటర్ల నీటిలో దాన్ని 1 గ్రాము కలిపితే నైట్రేట్ సుమారు 10 పీపీఎం పెరుగుతుంది. 0-52-34 అనేది మోనో పొటాషియం ఫాస్ఫేట్; 100 లీటర్లకు 0.1 గ్రాము వేస్తే ఫాస్ఫేట్ సుమారు 0.7 పీపీఎం పెరుగుతుంది. నీటిలో పూర్తిగా కరిగే రకాన్నే తీసుకోవాలి. యూరియా, డీఏపీ మాత్రం ట్యాంకు దరిదాపులకు రానీయకూడదు. వాటి నుంచి వచ్చే అమోనియా చేపలను చంపుతుంది.

నీటి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మన దగ్గర చాలా ఇళ్ళలో వచ్చే బోరు నీరు గట్టిది. లుడ్విజియా, ఆల్టర్నాంథెరా దాన్ని ఓర్చుకుంటాయి. రొటాలా మాక్రాండ్రా మాత్రం కొనలు వంకర తిరిగి చిన్నబోతుంది. బోరు నీటిలో ఆర్ఓ నీరు సగానికి సగం కలిపి మొదలుపెట్టి, కార్బనేట్ గట్టితనం 4 డిగ్రీల లోపుకు తీసుకురావడం దీనికి మేలు. పొలాల మధ్య ఉన్న బోరు నీటిలో నైట్రేట్ ముందే ఎక్కువగా ఉండవచ్చు కాబట్టి ఎరువు వేయకముందే ఒకసారి కిట్‌తో చూసుకోండి. వారానికి ఒకసారి సగం నీరు మార్చడం అలవాటు చేసుకుంటే ఏ లవణమూ పేరుకుపోదు.

అయిదవ అడుగు: వెలుతురును మెల్లగా పెంచండి

పై ఏర్పాట్లు జరిగి, రెండు మూడు వారాలపాటు కొనలు బలంగా, కొత్త ఆకులు మచ్చలు లేకుండా వస్తున్నాయని నిర్ధారించుకున్న తరువాతే దీని జోలికి వెళ్ళాలి. మొక్కలకు ఉపయోగపడే వెలుతురును పార్ అనే కొలతలో చెబుతారు. పచ్చని సాధారణ మొక్కలకు అడుగున 30 నుంచి 50 ఉంటే సరిపోతుంది. గాఢమైన ఎరుపు కోసం 80 నుంచి 120 వరకు కావాలి. కొలిచే పరికరం లేనివారు మొక్కనే చూడవచ్చు. కణుపుల మధ్య దూరం ఎక్కువై, కింది ఆకులు రాలిపోయి, కొమ్మ పైకి పరుగు తీస్తుంటే వెలుతురు చాలడం లేదని అర్థం.

పెంచవలసింది తీవ్రతను, గంటలను కాదు. రోజుకు 6 గంటలతో మొదలుపెట్టి 8 గంటలు దాటనీయకండి; 10, 12 గంటలు వెలిగించిన బలహీనమైన లైటు ఎరుపు తేదు, నాచును మాత్రం తెస్తుంది. డిమ్మరు ఉంటే వారానికి పది శాతం చొప్పున పెంచుతూ వెళ్ళాలి. గాజు మీద పచ్చని పొర రెండు రోజులకే పడుతుంటే అక్కడ ఆగి, ముందు వారం ఉన్న స్థాయికి తగ్గించాలి. నీటిపై తేలే మొక్కలను, ఉపరితలం మీది జిడ్డు పొరను తీసివేయడం మరచిపోవద్దు; చాలా ట్యాంకుల్లో వెలుతురు అక్కడే ఆగిపోతోంది.

ఆరవ అడుగు: రొటాలాకు మాత్రమే నైట్రేట్ తగ్గించండి

నత్రజని తగ్గినప్పుడు చాలా మొక్కల్లో యాంథోసయనిన్ పెరుగుతుంది. రొటాలా రొటుండిఫోలియా రకాలు, ముఖ్యంగా వియత్నాం నుంచి వచ్చిన హ్రా రకం, దీనికి అద్భుతంగా స్పందిస్తాయి. నైట్రేట్ మోతాదును ఒకేసారి ఆపివేయకుండా సగానికి తగ్గించి, నీటిలో 5 పీపీఎం దగ్గరకు రానిచ్చి, రెండు వారాలు వేచి చూడండి. ఫాస్ఫేట్, పొటాషియం, ఇనుము యథాతథంగా కొనసాగాలి. పాత ఆకులు పసుపుబారడం, కొనలు చిన్నబోవడం, ముదురు ఆకుల మీద నాచు పట్టడం కనిపిస్తే హద్దు దాటామని గ్రహించి మళ్ళీ కొంచెం పెంచాలి. అదే ట్యాంకులో ఆల్టర్నాంథెరా కూడా ఉంటే ఈ ప్రయోగం చేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఒకదాని అందం కోసం మరొకదాన్ని పస్తు పెట్టినట్టవుతుంది. తప్పదనుకుంటే ఆల్టర్నాంథెరా వేళ్ళ దగ్గర మట్టిలో ఎరువు బిళ్ళ పెట్టండి.

ఏడవ అడుగు: కత్తిరింపు, వేడి

రొటాలాలో మంచి రంగు లైటుకు దగ్గరగా ఉన్న కొనల్లో వస్తుంది. కొమ్మలు ఉపరితలాన్ని తాకే ముందు పదునైన కత్తెరతో సగానికి కోస్తే ఒక్కో కొమ్మ నుంచి రెండు మూడు కొత్త కొనలు వచ్చి పొద గుబురవుతుంది. మూడు నాలుగు కోతల తరువాత అడుగు కాండాలు ముదిరి బలహీనపడతాయి. అప్పుడు వాటిని వేళ్ళతో సహా తీసివేసి కొనలను మళ్ళీ నాటాలి. లుడ్విజియాకు, ఆల్టర్నాంథెరాకు మొదటి నుంచీ కొనలను నాటడమే మేలు. ఎర్ర పొద వెనుక, పక్కల లేత ఆకుపచ్చ మొక్కలు ఉంటే అదే ఎరుపు రెట్టింపుగా కనిపిస్తుంది. డచ్చివారి అక్వేరియంలలో ఎర్ర మొక్కను ఎప్పుడూ పచ్చటి వరుసల మధ్య నాటడం అందుకే.

ఎరుపుకు 22 నుంచి 25 డిగ్రీల నీరు బాగా అనుకూలిస్తుంది. మన ఎండాకాలంలో ట్యాంకు 30 డిగ్రీలు దాటితే మొక్క వేగంగా పెరుగుతూ పాలిపోతుంది, వేడి నీటిలో కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్ రెండూ తక్కువగా కరుగుతాయి. మూత తీసి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరి వల్ల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన మేరకు ఆర్ఓ నీరే పోయాలి, లేకపోతే గట్టితనం రోజురోజుకూ పెరుగుతుంది. ఆ రెండు నెలలూ లైటును నాలుగో వంతు తగ్గించి, గంటలను ఆరుకు కుదించి, మొక్క ప్రాణం నిలుపుకోవడం మీదే దృష్టి పెట్టండి. వానలు పడి నీరు చల్లబడిన తరువాత అయిదవ అడుగు నుంచి మళ్ళీ మొదలుపెడితే, మూడు నాలుగు వారాల్లో వచ్చే కొత్త కొనల్లో రంగు తిరిగి కనిపిస్తుంది.