ఛార్జర్ వంటింట్లోకి మారింది

అర్ధరాత్రి దాకా రీల్స్ చూడటం, పొద్దున లేస్తే కళ్ళమంట, పిల్లల మీద ఊరికే చిరాకు. యాప్‌లు తీసేశాను, రెండ్రోజుల్లో మళ్ళీ వేసుకున్నాను. పనిచేసింది వేరు. అలారం గడియారం కొని, ఛార్జర్‌ను వంటింట్లోకి మార్చాను. ఫోన్ తెరను నలుపు తెలుపు చేశాను. రంగులు పోతే సగం లాగుడు తగ్గుతుంది.

పొద్దున్నే ఫోన్ ఇంట్లో పెట్టి అమీన్‌పూర్ చెరువుకు వెళ్తున్నాను. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన చెరువది. మొదటి వారమంతా చెయ్యి జేబులోకే పోయేది. తర్వాత లకుముకి పిట్ట కంటపడింది. తీగ మీద కదలకుండా కూర్చుని, ఉన్నట్టుండి నీళ్ళలోకి దూకింది. అలా చూస్తూ నిలబడితే, ఎన్నాళ్ళకో నా ఊపిరి నాకే వినిపించింది.

ఇప్పుడు పదిన్నరకే నిద్ర పడుతోంది. రేపు మా అమ్మాయీ వస్తానంది.