తెలుగు పేర్లున్న సీఎస్‌వీ ఫైల్‌ని ఎక్సెల్‌లోకి ఎలా తేవాలి?

గుడి చందాల లిస్టు కావచ్చు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లిస్టు కావచ్చు, పదో తరగతి బ్యాచ్ గెట్‌టుగెదర్ లిస్టు కావచ్చు. గూగుల్ షీట్స్ నుంచి సీఎస్‌వీగా (అంటే కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్ ఫైల్‌గా) దించుకుంటారు, దాని మీద డబుల్ క్లిక్ కొడతారు. తెలుగు పేర్లన్నీ మాయం. వాటి చోట నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు 'ఎ', పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే 'ఎ', పక్కన ప్లస్-మైనస్ గుర్తు బారులు తీరి ఉంటాయి. వెంటనే వాట్సాప్ గ్రూపులో "ఫైల్ కరప్ట్ అయింది, మళ్లీ పంపండి" అని మెసేజ్. ఫైల్‌కి ఏమీ కాలేదు. మళ్లీ పంపినా అలాగే కనిపిస్తుంది.

యూటీఎఫ్-8 అంటే అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్‌లో దాచే పద్ధతి. అందులో ఒక్కో తెలుగు యూనికోడ్ గుర్తుకు 3 బైట్లు పడతాయి. అన్నిటికీ మొదటి బైటు ఒకటే, రెండో బైటులో ఉన్నవి రెండు రకాలే. ఫైల్ మొదట్లో 'ఇది యూటీఎఫ్-8' అని చెప్పే బామ్ అనే గుర్తు లేకపోతే, విండోస్‌లో ఎక్సెల్ ఆ బైట్లను పాత ఇంగ్లీషు కోడ్ పేజీ (బైటుకో అక్షరం ఇచ్చే పట్టిక) లెక్కన విడివిడిగా చదివేస్తుంది. గూగుల్ షీట్స్ ఆ గుర్తు పెట్టదు. అందుకే ఆ 'ఎ'ల వరస.

కావలసినవి: విండోస్ కంప్యూటర్, ఎక్సెల్ 2019 గానీ ఆ తర్వాతిది గానీ, సీఎస్‌వీ ఫైల్. ఒరిజినల్‌కి ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోండి.

1. ఎక్సెల్‌లో ఖాళీ వర్క్‌బుక్ తెరవండి. 'డేటా' ట్యాబ్‌లో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ' నొక్కి ఫైల్‌ని ఎంచుకోండి.

2. ప్రివ్యూ వస్తుంది. పైన 'ఫైల్ ఆరిజిన్' దగ్గర '65001: యూనికోడ్ యూటీఎఫ్-8' పెట్టండి. తెలుగు చక్కగా కనిపిస్తుంది.

3. ఇక్కడే చాలామంది హమ్మయ్య అనుకుని 'లోడ్' నొక్కేస్తారు. నొక్కకండి. 'ట్రాన్స్‌ఫార్మ్ డేటా' నొక్కండి.

ఎందుకంటే తెలుగు పాడవడం అసలు నష్టం కాదు, అది కంటికి కనిపిస్తుంది కాబట్టి ఎవరో ఒకరు సరిచేస్తారు. అంకెలు పాడైతే ఎవరూ చూడరు. 040తో మొదలయ్యే హైదరాబాద్ ల్యాండ్‌లైన్ నంబరు ముందున్న సున్నా ఎగిరిపోతుంది. ముందు 91 చేర్చి రాసిన మొబైల్ నంబరుకు 12 అంకెలు, అది 9.2E+11 లాంటి అవతారం ఎత్తుతుంది. దాన్నైనా వెనక్కి తెచ్చుకోవచ్చు. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా 15 అంకెలే దాచుకుంటుంది కాబట్టి, 16 అంకెల బ్యాంకు ఖాతా నంబరులో చివరి అంకె సున్నా అయిపోతుంది. అది ఇక రాదు. మన ఊళ్ల డోర్ నంబర్ల సంగతి ఇంకా ఘోరం: 4-12 అన్నది డిసెంబరు 4 అవుతుంది, 2-75 అన్నది 1975 ఫిబ్రవరి. ఈ తేదీల పిచ్చి పడలేక, మానవ జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ 2020లో కొన్ని జన్యువుల పేర్లే మార్చుకుంది. మనం డోర్ నంబర్లు మార్చుకోలేం కదా.

కాబట్టి నిదానంగా చేయండి. తెరుచుకున్న కిటికీలో కుడివైపు 'అప్లైడ్ స్టెప్స్' అని ఉంటుంది. అందులో చివరిది 'ఛేంజ్డ్ టైప్'. మీరు అడక్కుండానే ఎక్సెల్ వేసుకున్న స్టెప్ అది. దాని పక్కనున్న ఇంటూ గుర్తు నొక్కి తీసేయండి. నిలువు వరుసల తలల మీద 123, క్యాలెండర్ బొమ్మలు పోయి అన్నిటికీ 'ఏబీసీ' రకం బొమ్మ రావాలి.

ఆ స్టెప్‌ని అలాగే ఉంచి, కావలసిన కాలమ్‌ని మాత్రం టెక్స్ట్‌గా మార్చేవాళ్లున్నారు. అప్పుడు ఒక ప్రశ్న వస్తుంది: 'రీప్లేస్ కరెంట్' చేయాలా, 'యాడ్ న్యూ స్టెప్' చేయాలా అని. రెండోది నొక్కారా, సున్నా అప్పటికే పోయిన నంబరును తెచ్చి టెక్స్ట్‌గా చూపిస్తుంది. నా మాట వినండి, స్టెప్‌ని మొత్తంగా పీకేయడమే పద్ధతి.

ఒక్కోసారి హెడ్డింగ్‌లు పైకి రాక 'కాలమ్1, కాలమ్2' అని ఉంటాయి. 'యూజ్ ఫస్ట్ రో యాజ్ హెడర్స్' నొక్కండి. నొక్కగానే 'ఛేంజ్డ్ టైప్' మళ్లీ దిగబడుతుంది. మళ్లీ తీసేయండి. కూడికలు కావలసిన చందా కాలమ్ ఒక్కదానికి మాత్రం తల మీద బొమ్మ నొక్కి 'హోల్ నంబర్' పెట్టుకోండి.

4. 'క్లోజ్ అండ్ లోడ్'. ఎక్సెల్ వర్క్‌బుక్‌గా సేవ్ చేయండి. ఫోన్ నంబర్లు గడిలో ఎడమవైపుకి అతుక్కుని ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టే. మూలన పచ్చ త్రికోణం కనిపించినా పట్టించుకోకండి. దాని మీద నొక్కి 'కన్వర్ట్ టు నంబర్' అన్నారంటే ఇంత కష్టమూ వృథా.

ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, 'సేవ్ యాజ్'లో 'యూటీఎఫ్-8 విత్ బామ్' పెట్టి, డబుల్ క్లిక్ చేస్తే చాలు కదా అంటారు కొందరు. తెలుగు వస్తుంది, నిజమే. అంకెలు మాత్రం పోతాయి, పైగా పేర్లు బాగున్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మ్యాక్‌లోనైనా లైనక్స్‌లోనైనా నేను లిబ్రేఆఫీస్ వాడమనే చెబుతాను. ఉచితం, పైగా సీఎస్‌వీ తెరిచే ముందే అక్షరాలు ఏ పద్ధతిలో ఉన్నాయి, ఏ కాలమ్ టెక్స్ట్ అని మర్యాదగా అడుగుతుంది.

అవతలివాళ్లు సీఎస్‌వీనే కావాలంటే, 'సేవ్ యాజ్'లో 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అన్నదే ఎంచుకోండి. అదే జాబితాలో ఉన్న ఉత్త 'సీఎస్‌వీ' ఎంచుకుంటే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా సేవ్ అవుతాయి. వాటిని తిరిగి తెలుగు చేసే సాఫ్ట్‌వేర్ లేదు. మొదట పక్కన పెట్టమన్న కాపీ అందుకే.