మలీదలో సగం బెల్లం చాలు

సద్దుల బతుకమ్మ దగ్గర పడుతోంది కాబట్టి షుగర్ ఉన్నవాళ్ల కోసం ఒక మాట. రొట్టెలు నలిపి బెల్లం కలిపి కట్టే మలీద ముద్ద మానేయనక్కర లేదు, చేసే తీరు మార్చుకుంటే చాలు. "చక్కెర కాదు, బెల్లమే కదా" అనే ధీమా మాత్రం వద్దు. బెల్లంలోనూ అత్యధిక భాగం చక్కెరే, రక్తంలో గ్లూకోజును అదీ పెంచుతుంది.

మన పాలమూరు వైపు పల్లీలకు కొదవ లేదు. రొట్టెలు నలిపేటప్పుడు ఎప్పుడూ వేసే బెల్లంలో సగమే, అదీ సన్నగా తురిమి వేయండి. గడ్డలుగా వేస్తే ఒకచోట తీపి, ఒకచోట చప్పన. తగ్గిన బెల్లం స్థానంలో వేయించిన పల్లీల పొడి, నువ్వుల పొడి కలపండి. వాటిలోని పీచు, కొవ్వు, మాంసకృత్తుల వల్ల చక్కెర రక్తంలోకి కొంత నెమ్మదిగా చేరుతుంది. యాలకుల పొడి కాస్త ధారాళంగా, ఉప్పు చిటికెడు వేస్తే తీపి తగ్గిన సంగతి పిల్లలు కూడా కనిపెట్టలేరు. ముద్ద కట్టడానికి చెంచా నెయ్యి సరిపోతుంది.

నిమ్మకాయంత ముద్ద, ఒక్కటే. చెరువు దగ్గర బతుకమ్మను సాగనంపి ప్రసాదం తిన్నాక బండెక్కకుండా నడిచే ఇంటికి రండి. నడిచేటప్పుడు కండరాలు ఆ గ్లూకోజును వాడుకుంటాయి. రాత్రి భోజనంలో అన్నం కొంత తగ్గించండి. ఇన్సులిన్ తీసుకునేవారు మాత్రం అది డాక్టరును అడిగే చేయాలి. సీతాఫలం కూడా ఊరిస్తోందా? అది మరునాటికి.